సీమ కన్నుకు చిక్కిన ఖమర్‌బీ

ప్రొద్దుటూరు,
బుధవారం

రత్నాకు,

నీ ఖమర్ సలాములు. కాగితం మీద నా రాత చూసి బెదరాకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను మాత్రం బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించినా. ఆపేసిన ఫోనే అయినా దాని మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు చేసి చేసి తిట్టుకుంటాంటావని ఈ ఉత్తరం. జమ్మలమడుగులో పక్కపక్క ఇండ్లల్లో పెరిగేటప్పుడు, సెలవులకు ఊరికి పోతే రాసుకుంటాంటిమే, అట్ల రాస్తాండా. హిందీ టీచరుగా చేసి రిటైరైనదానివి, ఎర్ర పెన్ను మాత్రం తీయాకు.

సంగతేందంటే, నేను రాక్షసినైపోయినా. ఫోన్లల్లో ఇప్పుడు నా పేరు అదే. 'బస్టాండు రాక్షసి.'

మా చుట్టం అఖ్తర్ బీ మనవరాలి నిశ్చితార్థానికని పెద్దముడియం బయల్దేరి, జమ్మలమడుగు బస్టాండులో బస్సు మారేదానికి దిగినా. ఆడ బల్ల మీద ఒక ముసలాయన తుండుగుడ్డ మడత తలకింద పెట్టుకోని, నోరు తెరిచి నిద్రపోతాండాడు. ఆ తుండుగుడ్డ మీద, ఆయన చెవి పక్కన, నల్ల తేలు. నా అరచెయ్యంత ఉండాది. కేక పెడితే ఆయన తల తిప్పుతాడు, తిప్పితే అది కుడుతుంది. నాకేం తోచక ఆయన రెండు కాళ్ళూ పట్టుకోని ఒక్క ఈడ్పు ఈడ్చినా. ఆయన కింద పడె. తుండుగుడ్డ బల్ల మీదనే ఉండిపోయె. దాన్ని అట్ల దులిపితే తేలు బల్ల సందులో దూరిపోయె. అంతలో నా కాళ్ళల్లో బలం పోయి, ఆ బల్ల మీదనే కూలబడినా. అదీ నేను చేసిన తప్పు, కూచోడం.

ఆడెవరో కాలేజీ పిల్ల ఫోనులో తన వీడియో తాను తీసుకుంటా ఉంటే వెనకపక్క మేమూ పడినాము. ముసలాయన్ను ఈడ్చేది, నేను ఎక్కి కూచునేది, అంతవరకే కత్తిరించి, ఒక ఏడుపు పాట తగిలించి వదిలింది. 'సీటు కోసం ముసలాయనను కిందికి లాగిన అవ్వ.' దాన్ని 'సీమ కన్ను' అనే పేజీవాళ్ళు పట్టుకున్నారు. ఊర్లో తప్పు చేసినోళ్ళను వెతికి నలుగురిలో నిలబెట్టేది వాళ్ళ పనంట. ఎవరు పెట్టినారు ఆ పని అంటే ఎవరూ పెట్టలేదంట.

ఇప్పుడు కడప జిల్లా అంతా నన్ను వెతుకుతాంది. కింద రాసిన మాటలు నా మనవరాలు నాజియా నన్ను చదవనీలేదు. కొన్ని నేనే దొంగగా చూసినా. కొన్నిటికి నగు వచ్చింది. నా పేరు తెలిసినంక రాసినవి కొన్ని ఉండాయి, అవి మాత్రం నీకు రాయను.

నేను ఈడ్చింది తేలు నుంచే అని నువ్వన్నా నమ్ముతావు కదా?

నీ ఖమర్

*

పులివెందుల,
శనివారం

ఖమరూ,

నీ ఉత్తరం పోస్టుమాను ఇస్తాంటే, "ఏం టీచరమ్మా, కోర్టు నోటీసా?" అని అడిగినాడు. ఉత్తరమంటే ఇప్పుడు అదొక్కటే మిగిలిండాది.

నమ్ముతావా అని నన్ను అడుగుతావా నువ్వు? బడి ఎగ్గొట్టి పెన్న ఏట్లో ఆడుకునే దినాల్లో నీ చెప్పుకింద చీమ పడితే కూచోని ఏడ్చినదానివి. తేలును కూడా చంపకుండా దులిపి పంపించినావు చూడు, అక్కడే అది నువ్వేనని తెలిసిపోయింది.

నేనూ ఆ వీడియో చూసినా. మా రిటైర్డు టీచర్ల గ్రూపులో పెట్టినారు. కింద ఒకరు "ఈ కాలం మనుషులు" అని, ఇంకొకరు "ఉరి తీయాలి" అని, మూడో ఆయన దండం బొమ్మా పెట్టినారు. ఆ దండం ఎవరికో నాకర్థం కాలేదు. "ఆమె నా స్నేహితురాలు, సంగతి తెలుసుకోకుండా మాట్లాడొద్దు" అని రాసినా. "మీ స్నేహితురాలైతే మాత్రం తప్పు తప్పే మేడం" అన్నారు. గ్రూపులోంచి బయటికి వచ్చేసినా. మళ్ళా చేర్చినారు. మళ్ళా వచ్చేసినా. పొద్దున ఇడ్లీకి పిండి కలిపే లోపల ఇట్ల మూడు మాట్లు జరిగింది.

నువ్వు కుట్టే బ్లౌజులన్నీ పక్కన పెట్టి ఈడికి రా. మా ఆయన పోయినప్పటి నుంచి ముందు గది ఖాళీగానే ఉండాది. పులివెందులలో నిన్నెవరూ గుర్తుపట్టరు. పట్టినా నా పక్కన నిలబడి మాట్లాడమను, చూస్తాం.

నీ రత్న

*

ప్రొద్దుటూరు,
గురువారం

రత్నాకు,

రాలేను. పారిపోయింది అంటారు. దానికింకొక వీడియో.

ఇల్లు కనుక్కున్నారు. 'ఖమర్ లేడీస్ టైలర్' అని నా బోర్డు ఉండాదే, దాని ముందర బైకులు ఆపి ఫోటోలు తీసుకోని పోతాండారు. కుట్టేదానికి గుడ్డలిచ్చినోళ్ళు వరసగా వచ్చి, "అక్కా, పెండ్లి వాయిదా పడింది" అని తీసుకోని పోతాండారు. ప్రొద్దుటూరులో ఇన్ని పెండ్లిండ్లు ఒకేసారి వాయిదా పడ్డం నేనెప్పుడూ చూడలేదు.

ఇంక కుర్చీల సంగతి విను. ఎవరో నా అడ్రసు పెట్టి, ఇంటికి తెచ్చినంక దుడ్లు కట్టే పద్ధతిలో కుర్చీలు బుక్ చేస్తాండారు. 'నీకు సీటే కదా కావల్సింది' అని. ప్లాస్టిక్ కుర్చీ, మడత కుర్చీ, పసిపిల్లోళ్ళు కూచునే గుర్రం కుర్చీ. నాజియా గేటు కాడ నిలబడి తిప్పి పంపిస్తానే ఉండాది. తెచ్చే పిల్లోడు, "అవ్వా, ఇంగ నేను నిన్ను రోజూ చూడల్లనా" అని మా అరుగు మీద కూచోని మజ్జిగ తాగి పోతాండాడు. ఒక కుర్చీకి మాత్రం పంపినాయనే ముందుగా కట్టేసినాడు. మంచి కుర్చీ. నడుము నొప్పికి శానా బాగుండాది. దాంట్లో కూచోనే రాస్తాండా.

నేను కింద పడేసిన ముసలాయన పేరు పీర్ సాహెబ్ అంట. పెద్దముడియంలో పరుపులు కుట్టేవాడంట. ఆయనను పట్టుకోని సీమ కన్ను నడిపే శశాంక్ అనే పిల్లోడు ఇంటర్వ్యూ చేసినాడు. పాపం ఆయన నిద్రలో ఉండె, తేలు సంగతి ఆయనకేం తెలుసు. మొదటి ఇంటర్వ్యూలో "ఎవరో లాగినారు, పడినా" అన్నాడు. రెండో దాంట్లో "నన్ను చూసి పండ్లు కొరికింది" అన్నాడు. మూడో దానికి శాలువా కప్పినారు, దాంట్లో నేను ముందే మూడు మాట్లు బల్ల చుట్టూ తిరిగినానంట. ఇంకొక శాలువా కప్పితే నేను కత్తి తీసుంటా.

రత్నా, నగుతానే రాస్తాండాను గానీ, నిన్న మార్కెట్‌లో వంకాయలు ఏరుకుంటాంటే ఒక ఆడమనిషి తన బిడ్డను నా పక్క నుంచి అట్ల లాక్కున్నది. ఆ పిల్ల నా పక్కకు చూసిన చూపుంది చూడు, అది కళ్ళల్లోంచి పోలేదు. వంకాయలు ఆడనే వదిలేసి వచ్చినా.

ఆ సాయంత్రం నాజియా నా పక్కన కూచోని, తాను చైనాలో డాక్టరు చదివేటప్పటి సంగతి చెప్పింది. ఈ మాదిరి వెతుకులాటకు ఆ దేశంలో పేరే ఉండాదంట. మన భాషలో చెప్పాల్నంటే 'మనిషి మాంసం వెతుకులాట' అని. నేను గుండె మీద చెయ్యి పెట్టుకున్నా. "తినేదానికి కాదు నానీ, కంప్యూటరు కాకుండా మనుషులే కలిసి మనిషిని వెతుకుతారు, అందుకని ఆ పేరు" అన్నది. తినేదానికి కాదంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

వాళ్ళ హాస్టలు క్యాంటీనులో ఒకామె నూడుల్స్ వడ్డించేదంట. పిల్లోళ్ళు ఆమెను లీ ఆంటీ అని పిలిచేవాళ్ళు. తిని వదిలేసిన నూడుల్స్ ఆమె గిన్నెలో పోసుకునేది ఒక పిల్లోడు వీడియో తీసి, 'ఎంగిలి మళ్ళా వడ్డిస్తాండారు' అని పెట్టినాడు. ఒక్క దినంలో ఆమె పేరు, ఇల్లు, కొడుకు చదివే బడి, మొగుడు తోలే లారీ నంబరు, అన్నీ బయటికి వచ్చినాయి. వాటిని పెట్టినోళ్ళెవరూ ఆమెను ఎరగరు, లక్షల మంది. ఆమె ఇంటికి చావుకు పెట్టే పూలచక్రాలు పంపినారంట. మనకు కుర్చీలు వస్తాండాయి, మేలు. పని పోయింది. తర్వాత తెలిసింది, ఆ ఎంగిలి ఆమె ఊరికి తీసుకపోయి పందులకు పెట్టేదని.

"అయితే ఆమెకు మళ్ళా పని ఇచ్చినారా?" అని అడిగినా.

"దానికి ఎవరికీ తీరిక లేదు నానీ. అందరూ ఆ వీడియో తీసిన పిల్లోని మీద పడినారు. వాని ఇల్లు, వాని తల్లి, వాని మార్కులు. వాడు చదువు మధ్యలో మానేసి పోయినాడు. యాడికి పోయినాడో మాకెవరికీ తెలీదు."

నాజియాకు వాని మీద జాలి. నేనైతే, ఆ పిల్లోనికి అట్ల కావల్సిందే అనుకున్నా. నా మనసు ఇప్పుడు అంత మంచిగా లేదు రత్నా.

నీ ఖమర్

*

పులివెందుల,
సోమవారం

ఖమరూ,

బియ్యం డబ్బాలోంచి ఫోను తీయి. తీయకుంటే నాజియాను చూపించమను. ముక్క కత్తిరించిన ఆ కాలేజీ పిల్లే మొత్తం వీడియో పెట్టింది.

మొదటి నుంచి ఉండాది. పెద్దగా చేసి చూస్తే తుండుగుడ్డ మీద నల్లగా తేలు పాకేది కనిపిస్తాంది. నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, వంగేది, ఈడ్చేది, దులిపేది, కళ్ళు తిరిగి కూచునేది, అన్నీ. కింద ఆ పిల్ల రాసింది: "నేను కత్తిరించిన ముక్క చూసి మీరు ఆమెను తిట్టినారు. తప్పు నాది. మొత్తం ఇది."

పక్కింటి మెహబూబున్నీసాను పిలిచి చూపించినా. పాలాయనకు చూపించినా. గ్యాసు సిలిండరు తెచ్చినాయన కాళ్ళు పట్టి ఆపి చూపించినా. మా గ్రూపులో మళ్ళా చేరి, పెట్టి, ఎవరైనా ఏమన్నా అనే లోపలే బయటికి వచ్చేసినా.

మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మేడ ఎక్కి దిగినా. ఎందుకు ఎక్కినానో నాకే తెలీదు.

నీ రత్న

*

ప్రొద్దుటూరు,
ఆదివారం

రత్నాకు,

నేనిప్పుడు సింహాన్ని. 'సీమ సింహం ఖమరవ్వ.' తేలవ్వ అని కూడా అంటాండారు, నాకు అదే బాగుండాది.

వాయిదా పడిన పెండ్లిండ్లన్నీ మళ్ళా కుదిరినాయి. గుడ్డల మూటలు వాకిలి దాకా పేరుకున్నాయి. ఒకామె బ్లౌజు వీపు మీద తేలు బొమ్మ కుట్టమన్నది. కుడతాండా. మార్కెట్‌లో వంకాయలామె దుడ్లు వద్దన్నది. నేనూ గట్టిగా ఇస్తానని అనలేదు. కుర్చీలు తెచ్చే పిల్లోడు నాతో ఫోటో దిగి, "మన కుర్చీలవ్వ" అని పెట్టుకున్నాడంట.

పీర్ సాహెబ్ మళ్ళా ఇంటర్వ్యూ ఇచ్చినాడు. నేను ఆయనకు సొంత అక్క మాదిరంట, ఆ దినమే కండ్లు తెరవకముందే ఆయన మనసుకు తెలిసిపోయిందంట. శాలువా పాతదే కప్పుకోనొచ్చినాడు.

ఇంక ఆ శశాంక్ నేరుగా మా ఇంటికే వచ్చినాడు. ఒడ్డూపొడుగూ ఉండే పిల్లోడు, మర్యాదస్తుడు. నల్లద్దాలు నెత్తి మీద, బూట్లు బయటనే విప్పినాడు. "అవ్వా, మమ్మల్ని క్షమించు" అంటా కాళ్ళకు మొక్కి, మొక్కింది ఫోనులో సరిగా రాలేదని మళ్ళా మొక్కినాడు. వచ్చే నెల కల్యాణమండపంలో నాకు సన్మానం. నేను నీలం పట్టుచీర తీసుకున్నా. దాన్ని కట్టి అద్దంలో చూసుకోని, నా వయసులో ఇంత సంతోషం తగునా అని అడిగితే, అద్దం తగునన్నది.

వీడియో కత్తిరించిన పిల్ల పేరు బయటపెట్టినారు. నాగశ్రీ అంట. ఇప్పుడు జనం ఆమెను తిడతాండారు. తిట్టనీ. నేను పడినదాంట్లో సగం పడనీ. నువ్వు సన్మానానికి రావల్ల, ముందు వరసలో కూచోవల్ల.

నీ సింహం

*

పులివెందుల,
శుక్రవారం

ఖమరూ,

నీ నీలం చీర గురించి చదివి నేనే చిన్నపిల్లనైపోయినా. కట్టుకో. సన్మానానికి వచ్చేది చూస్తాలే, ఇంట్లో మనిషి ఉండాది.

నాతో బడిలో పనిచేసిన సుశీలమ్మ బిడ్డ. జమ్మలమడుగులో పరీక్షలు రాయల్ల, చదువుకునేదానికి నెమ్మదిగా ఉంటుందని నా దగ్గర వదిలిపోయింది. మంచి పిల్ల. జుట్టు మాత్రం ఎవరో కోపంతో కత్తిరించినట్టు ఉండాది. తానే కత్తిరించుకున్నదంట. వాకిలి కాడ బైకు ఆగితే వెనక గదిలోకి పోతుంది. సంగటి ముద్ద పెడితే సగం కూడా తినదు. మొన్న నేను పాలపొంగు గురించి ఏదో తమాషా చెప్తే నవ్వబోయి, నవ్వేదానికి తనకు పర్మిషను లేనట్టు ఆపేసింది.

ఆ పిల్లకు ఒక బ్లౌజు కుట్టి పంపుతావా? కొలతలు వెనక రాసినా. ఉన్నవన్నీ వదులైపోయినాయి.

ఒక మాట అడుగుతా, ఊరికేనే. ఆ నాగశ్రీ అనే పిల్ల ఎదురుపడితే నువ్వేం చేస్తావు?

నీ రత్న

*

ప్రొద్దుటూరు,
మంగళవారం

రత్నాకు,

బ్లౌజు ఈ ఉత్తరంతోనే పంపిస్తాండా. కొలతలు చూస్తే పిచ్చుక మాదిరి ఉండాది ఆ పిల్ల. కుట్టు విప్పుకునేదానికి లోపల గుడ్డ వదిలినా, తినబెట్టు. చేతులకు నా దగ్గర మిగిలిన జరీ అంచు వేసినా, ఊరికే. పరీక్ష బాగా రాయమని చెప్పు.

నాగశ్రీ ఎదురుపడితేనా? ఇంక వెతకాల్సిన పనే లేదు, ఆ పిల్లను నా ముందుకే తెస్తాండారు. సన్మానం దినం స్టేజీ మీద, అందరి ముందర, లైవులో, ఆమె నా కాళ్ళ మీద పడల్లంట. శశాంక్ అదంతా రాసుకోనొచ్చి చదివి వినిపించినాడు. నేను ముందు మొఖం తిప్పుకోవల్లంట, తర్వాత లేపల్లంట. వాళ్ళింటి గేటు కాడ దినమంతా ఎవరో ఒకరు ఫోను పట్టుకోని నిలబడుతాండారంట, కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు రావద్దన్నారంట. పిల్ల యాడుందో మాత్రం దొరకలేదు. "దొరుకుతుంది అవ్వా, మాకు లక్ష కండ్లు" అన్నాడు.

నాజియాకు ఇది నచ్చలేదు. రెండు దినాల నుంచి నాతో సరిగా మాట్లాడ్డం లేదు. ఏందే అంటే, "ఏం లేదు నానీ, లీ ఆంటీ క్యాంటీను గుర్తొచ్చింది" అంటుంది.

నువ్వు ఎందుకు అడిగినావు?

నీ ఖమర్

*

పులివెందుల,
గురువారం

ఖమరూ,

బ్లౌజు చేరింది. ఆ పిల్ల దాన్ని చేతిలో పట్టుకోని చానాసేపు చూసి, "ఎవరు కుట్టినారు ఆంటీ?" అని అడిగింది. నేను చెప్పినా. దాన్ని మడిచి నా చేతికే ఇచ్చి, "నేను తొడుక్కోకూడదు" అని వెనక గదిలోకి పోయింది.

నీకు అర్థమైంటుంది. ఆ పిల్లే నాగశ్రీ.

నీకు ముందే రాయలేకపోయినా. సుశీలమ్మ బిడ్డను తీసుకోని వచ్చినప్పుడు నేను నీ వీడియో సంతోషంలోనే ఉండా. పేరు చెప్తానే, నీ తరఫున రెండు తిట్టల్లని నోరు కూడా తెరిచినా. ఆ పిల్ల మొఖం చూసి, వచ్చిన తిట్లు మింగి, ఉప్మా చేసి పెట్టినా.

ఆమె చెప్పింది విను. ముక్క పెట్టిన దినం ఆమెకు పండగ. ఎప్పుడూ లేనంత మంది చూసినారు, మెచ్చుకున్నారు. తర్వాత నీ బోర్డు ముందర బైకులు నిలబడిన ఫోటో చూసి బెదిరింది. ఫోనులో మిగిలిన వీడియో తీసి చూస్తే, తేలు. పెట్టొద్దని స్నేహితులు చెప్పినారు, తీసేసి గమ్మునుంటే ఎవరికీ తెలీదన్నారు. వాళ్ళన్నది నిజం. ఆమె నోరు మూసుకుంటే ఈ దినం నువ్వు సింహం కాదు, రాక్షసివే. నిజం చెప్పినందుకే ఆమెకు ఈ గతి. అబద్ధానికి మెచ్చుకున్నారు, నిజానికి ఇల్లు చుట్టుముట్టినారు.

వాళ్ళ నాయన ఫోనుకు వస్తాండే మాటలు నేను చూసినా. నేను చెప్పలేను. ఆ పిల్ల చిన్నది ఖమరూ. పరీక్ష రాయనంటాంది.

నీకు కోపం వస్తే రానీ. చీటీ రాయకుండా మాత్రం ఉండాకు. సన్మానం నీది, చీర నీది, మాట కూడా నీదే. నేను ఇట్ల చెయ్యి అని అడగను.

నీ రత్న

*

ప్రొద్దుటూరు,
సోమవారం

రత్నాకు,

కోపం వచ్చింది. నీ మీద ఒక దినం, ఆ పిల్ల మీద ఒక దినం. మూడో దినం ఎవరి మీద పడల్లనో తెలీక మిషను తొక్కుతా కూచున్నా. జరీ అంచు నేనే కుట్టి పంపినా చూడు, దానికి నగు వచ్చింది. మిషను ఆపి నగినా. నాజియా పరిగెత్తుకోని వచ్చి నా నాడి పట్టి చూసింది.

నిన్న సన్మానం జరిగింది. మొత్తం రాస్తా, కూచోని చదువు.

మండపం నిండిపోయింది. వాకిట్లో నా ఫ్లెక్సీ. నా తలకాయను ఎవరో సన్నపాటి ఆమె ఒంటి మీద అతికించినారు, పక్కన ఒక సింహం, కాళ్ళకింద తేలు. ఆ సన్నపాటామె చీర నా చీర కంటే బాగుండాది. పీర్ సాహెబ్ స్టేజీ మీద నా పక్కనే, కొత్త శాలువాలో. దండలేసినారు, పాటలు పెట్టినారు, నేను పడి పడి సంతోషపడినా. అబద్ధం చెప్పను.

అప్పుడు శశాంక్ మైకు తీసుకోని, "అవ్వను ఏడిపించిన ఆ నాగశ్రీ యాడ దాక్కున్నా సీమ కన్ను వదలదు. అవ్వా, ఆమెకు ఏం శిక్ష వెయ్యల్ల?" అన్నాడు. జనం ఒక్కమాటున లేచినారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఆ మొఖాలు చూసినా రత్నా. చెడ్డమొఖాలు కావు. అన్నీ మన మొఖాలే. బ్లౌజుల గుడ్డలిచ్చే ఆడోళ్ళు, కుర్చీలు తెచ్చిన పిల్లోడు. అందరికీ శానా హుషారుగా ఉండాది. అంతే.

నేను మైకు తీసుకోని మంచిగానే చెప్పినా. "ఆ పిల్ల తన తప్పు తానే చెప్పింది. ఆమె చెప్పేదాకా మీలో ఒక్కరికీ తేలు కనపడలేదు. ఆమెను వదిలేయండి నాయనా."

చప్పట్లు కొట్టినారు. మండపం అదిరిపోయింది. శశాంక్ కండ్లు తుడుచుకోని, "చూసినారా అవ్వ మనసు. ఇంత గొప్ప మనసును ఏడిపించిందే, దాన్ని వదలొచ్చునా?" అన్నాడు. వదలొద్దు అన్నారు అందరూ. నేను చెప్పినమాట నా కండ్లముందరే తిరగబడింది.

అప్పుడు నాకు ఏమొచ్చిందో తెలీదు. మైకు మళ్ళా తీసుకున్నా. "ఆ పిల్ల యాడుందో నాకు తెలుసు" అన్నా.

ఫోన్లన్నీ నా దిక్కు తిరిగినాయి.

"బ్రహ్మంగారిమఠంలో ఉండాది. సత్రంలో. సాయంత్రం బస్సుకు ఇంగ యాడికో పోతాదంట."

రత్నా, నేను అట్లా పరుగు ఎప్పుడూ చూడలేదు. కుర్చీలు పడిపోయినాయి, చెప్పులు తారుమారైనాయి, బైకులన్నీ ఒక్కమాటున గుర్రుమన్నాయి. శశాంక్ నల్లద్దాలు నెత్తిమీద నుంచి ముక్కు మీదికి జారినా చూసుకోకుండా, "లైవులో ఉండండి, లైవులో ఉండండి" అంటా దూకినాడు. పాటలు పెట్టే అతను కూడా పాట ఆపకుండానే పోయినాడు.

మండపంలో మిగిలింది నేను, నాజియా, పీర్ సాహెబ్, పెద్ద డేక్సాలో బొరుగుల ఉగ్గాని, బుట్ట నిండా బజ్జీలు. ముగ్గురం విస్తర్లు వేసుకోని కూచున్నాం. నాజియా నవ్వు ఆపుకోలేక కింద కూచునేసింది, ఇన్నాళ్ళకు. పీర్ సాహెబ్ రెండు బజ్జీలు తిని, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా అడిగినాడు: "అమ్మా, నిజంగానే తేలు ఉండెనా?" "ఉండెనప్పా" అన్నా. "అయితే బతికినా" అని మూడో బజ్జీ తీసుకున్నాడు.

సాయంత్రానికి వాళ్ళకు తెలిసిపోయింది. మఠంలో సత్రమంతా వెతికి, ఎవరో పెండ్లివాళ్ళ చేత తిట్లు తిని వచ్చినారంట. ఇప్పుడు నేను మళ్ళా రాక్షసిని. 'జనాన్ని మోసం చేసిన ముసలిది.' పెండ్లిండ్లు మళ్ళా వాయిదా పడుతాండాయి. ఈ పొద్దు పొద్దున ఒక కుర్చీ వచ్చింది.

నాగశ్రీ పేరు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నాజియా అంతా చూసి చెప్పింది, ఒక్కరు కూడా. వాళ్ళకు ఎవరో ఒకరు కావల్ల. నాకు అలవాటైంది, చర్మం గట్టిపడింది, పక్కన నువ్వుండావు. ఆ పిల్లకు పరీక్షలుండాయి. అబద్ధం సంగతి అల్లాతో నేను మాట్లాడుకుంటా.

శుక్రవారం బస్సుకు వస్తాండా. ఆ పిల్లకు చెప్పు, నా కాళ్ళ మీద పడితే మాత్రం అదే బస్సుకు తిరిగి వచ్చేస్తా. ఆ బ్లౌజు తొడుక్కోని ఉండమను. చంకల కాడ పట్టిందా లేదా చూడల్ల.

నీ ఖమర్

*

పులివెందుల,
బుధవారం

ఖమరూ,

నువ్వు పోయినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉండాది. రెండు దినాల్లో ఇంత గోల చేసి పోతావని తెలిస్తే ఇంకో నాలుగు దినాలు ఆపుకునేదాన్ని. మెహబూబున్నీసా కూడా అడుగుతాంది, మళ్ళా ఎప్పుడు వస్తాదని.

నువ్వు గడప లోపలికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆ పిల్ల చెయ్యి పైకెత్తి చంక కాడ కుట్టు చూసినావే, అది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. ఆమె ఏడ్చేదానికి కూడా నువ్వు తీరిక ఇవ్వలేదు. గుండుసూదులు పండ్ల మధ్య పెట్టుకోని, "కదలాకు, గుచ్చుకుంటాది" అన్నావు. ఆ దినం రాత్రి భోజనంలో ఆమె రెండు ముద్దలు తిన్నది. అది నువ్వు చూడలేదు, శశాంక్ పరుగెత్తిన మాదిరి చేసి చూపిస్తాంటివి.

నిన్న పరీక్షకు నేనే జమ్మలమడుగు పిలుచుకోని పోయినా. ముసుగు వేసుకోమంటే వేసుకోనన్నది, సరేనన్నా. నీ జరీ అంచు బ్లౌజు, కత్తిరించిన జుట్టు, చేతిలో పెన్నుల డబ్బా.

కాలేజీ గేటు కాడ ఒక పిల్లోడు ఆమె దిక్కు చూసి, మళ్ళా చూసి, ఫోను తీసినాడు. వాడు దగ్గరికి వచ్చి, "నువ్వే కదా, ఆ వీడియో..." అన్నాడు.

నేను అడ్డం పోబోతే, నాగశ్రీ నా చెయ్యి పట్టుకోని ఆపింది. వాని కండ్లల్లోకి చూసి, మామూలు గొంతుతోనే అడిగింది.

"అవును, నేనే. నీకేం కావల్ల అన్నా?"

వాడు నోరు తెరిచినాడు. ఫోను దిక్కు చూసినాడు, ఆమె దిక్కు చూసినాడు, నా దిక్కు కూడా చూసినాడు, నేనేమన్నా మాట అందిస్తానేమోనని. ఎంత వెతుక్కున్నా వానికి ఏం కావల్నో వానికే తెలీలేదు ఖమరూ. చివరకు, "ఏం లేదు... పరీక్ష ఏ హాలులో?" అన్నాడు.

"మీదేది?" అన్నది ఈమె.

ఇద్దరిదీ ఒకటే హాలంట. మాట్లాడుకుంటా లోపలికి పోయినారు.

నీ రత్న